పొట్టి చేతుల మారియో, పొడుగు కత్తి లూసీనా: ఏం సాధన చేస్తే గెలుస్తావు

ప్రశ్న క్లుప్తంగా ఇది. పర్లాకిమిడి కుర్రాడు, గుణుపురంలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. నింటెండో స్విచ్‌లో ఆడే కొట్లాట ఆట సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో మూడు నెలలుగా మారియోతోనే ఆడుతున్నాడు. తొమ్మిదో లెవెల్ కంప్యూటర్‌ని ఓడిస్తాడు, ట్రైనింగ్ మోడ్‌లో కాంబోలన్నీ, అంటే ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బల వరసలన్నీ, పడతాయి. ఆదివారం ఇంటికెళ్లి లూసీనాతో ఆడే బావ పక్కన కూర్చుంటే మాత్రం పదింట ఎనిమిది పోతున్నాయి. "దగ్గరికే రానివ్వడు. షీల్డ్ పెట్టినా తిరిగి కొట్టలేకపోతున్నాను. ఇంకా ఏ కాంబో నేర్చుకోవాల?" అని అడిగాడు.

తమ్ముడూ, కొత్త కాంబో ఒక్కటీ అక్కర్లేదు. నీ ప్రశ్నలోనే జవాబుంది: దగ్గరికి రానివ్వడు. మారియో చేయి పొట్టి. దగ్గరికి చేరాక ఆటలో అతనంత వేగంగా కొట్టేవాళ్లు తక్కువ. చేరకముందు మాత్రం కత్తి పట్టినవాడెవడైనా అతన్ని ఆడుకుంటాడు. కాబట్టి నేర్చుకోవలసినవి మూడే: ఎలా చేరాలి, చేరాక దాన్ని ఎలా వాడుకోవాలి, అవతలివాడు గట్టు (స్టేజీ అంచు) బయట పడితే తిరిగి ఎలా రానివ్వకూడదు. కాంబోలు ఈ మూడింటి మధ్యలో వచ్చే ముక్క మాత్రమే.

ముందు సెట్టింగులు, రెండు నిమిషాల పని. కంట్రోల్స్‌లో ట్యాప్ జంప్, అంటే స్టిక్ పైకి నెడితే గెంతడం, తీసెయ్. అది ఉంటే అప్ టిల్ట్ (స్టిక్ కాస్త నెట్టి పైకి కొట్టే చిన్న దెబ్బ) కోసం స్టిక్ పైకి నెట్టిన ప్రతిసారీ మారియో ఎగిరిపోతాడు, షీల్డ్ (దెబ్బ కాచే బుడగ) నుంచి అప్ బీ, అంటే స్టిక్ పైకి నెట్టి బీ నొక్కితే వచ్చే ఎగిరే గుద్దు, కొట్టబోతే ముందు గెంతు వస్తుంది. కుడి స్టిక్‌ని స్మాష్ (స్టిక్ విసురుగా నెట్టి కొట్టే పెద్ద దెబ్బ) నుంచి టిల్ట్‌కి మార్చు. స్విచ్‌తో వచ్చే జాయ్‌కాన్ కంట్రోలర్ స్టిక్ పొట్టిది, దానితో ఎడమ చేత్తో సన్నగా టిల్ట్ ఇవ్వబోతే సగంసార్లు స్మాష్ అవుతుంది. గెంతుకి రెండు బటన్లు పెట్టుకో, ఆ రెండూ ఒకేసారి నొక్కితే తప్పకుండా చిన్న గెంతే వస్తుంది. ఇంట్లో టీవీకి తగిలించి ఆడితే టీవీలో గేమ్ మోడ్ వేసుకో. అది లేని పాత టీవీ అయితే స్విచ్‌ని బల్లమీద నిలబెట్టి దాని తెర మీదే ఆడండి. తెర చిన్నదైనా బటన్‌కీ బొమ్మకీ మధ్య ఆలస్యం తగ్గుతుంది.

ఇప్పుడు అంకెలు. ఈ ఆట సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు. వందల అంకెలు బట్టీపట్టే పనిలేదు గానీ షీల్డ్ చుట్టూ ఉన్న కొన్ని మాత్రం నోటికి రావాలి. షీల్డ్ మామూలుగా వదిలేస్తే కిందికి దిగడానికి 11 ఫ్రేములు పడుతుంది. ఓడిపోయేవాళ్లలో ఎక్కువమంది చేసేది అదే: దెబ్బ కాచుకుంటారు, షీల్డ్ వదులుతారు, తర్వాత కొడదామనుకుంటారు. ఆ 11 ఫ్రేముల్లో అవతలివాడు ఇంకో దెబ్బ వేసేస్తాడు. షీల్డ్ పట్టుకుని ఉండగానే నేరుగా చేయగలిగినవి కొన్నున్నాయి. అప్ బీ 3వ ఫ్రేముకే తగులుతుంది. గెంతి వెంటనే కొట్టే నెయిర్, అంటే గాల్లో ఏ దిక్కూ నొక్కకుండా తన్నేది, గెంతుకి 3, తన్నుకి 3 కలిపి 6కి వస్తుంది. అప్ స్మాష్ 9. గ్రాబ్, అంటే అవతలివాణ్ణి పట్టుకోవడం, మామూలుగా 6, షీల్డ్ నుంచి అయితే ఇంకో 4 కలిసి 10.

ఈ నాలుగింటిలో ఏది ఎప్పుడన్నది దూరాన్ని బట్టి. బావ నీ ఒంటిమీదే దిగితే అప్ బీ. నీ వెనక్కి దాటి దిగితే నెయిర్, ఎందుకంటే అది రెండువైపులా తగులుతుంది, గ్రాబ్‌కి ముందువైపే చేయి ఉంటుంది. కత్తి మొనతో దూరంనుంచి తాకించి దిగితే ఈ నాలుగింటిలో ఏదీ అందదు. అప్పుడు కొట్టబోవడమే తప్పు. నువ్వు చెప్పిన "షీల్డ్ పెట్టినా తిరిగి కొట్టలేకపోతున్నాను" అన్న గోడు ఇక్కడే పుడుతోంది. మొన దెబ్బ కాచుకున్నప్పుడు నీకు దక్కేది ఒక్కటే, ఒక అడుగు ముందుకి నడిచే వీలు. అది తీసుకో చాలు. అప్ బీ గాలికి కొడితే మాత్రం మారియో చేతకాకుండా కిందికి జారతాడు, బావ తీరిగ్గా ఊపిరి పీల్చుకుని మరీ స్మాష్ కొడతాడు. అందుకే అప్ బీ అలవాటుగా కొట్టేది కాదు, దూరం చూసి కొట్టేది.

షీల్డ్‌కి పూర్తి బలం 50. పట్టుకునే కొద్దీ అది తరుగుతుంది. లూసీనా దగ్గర షీల్డ్ బ్రేకర్ అని ఒక పోటు ఉంది, పూర్తిగా బలం నింపి వదిలితే నిండు షీల్డ్ కూడా పగిలిపోతుంది. నువ్వు షీల్డ్ పట్టుకుని బొమ్మలా కూర్చుంటావని బావకి తెలిస్తే అదే తీస్తాడు.

చేరడం అన్నది కబడ్డీలో కూత లాంటిది. కూతకెళ్లినవాడు గీత దాటగానే దూకడు. అడుగు పెట్టి తీసి, మళ్లీ పెట్టి, ఎవడి చేయి ముందు లేస్తుందో చూస్తాడు. లూసీనా కత్తి మొన ఎంతవరకు వస్తుందో ముందు ట్రైనింగ్‌లో గీతల నేల మీద కొలుచుకో. ఆవిడ ఫెయిర్, అంటే గాల్లో ముందుకి ఊపే కత్తి, 6వ ఫ్రేముకి వస్తుంది. అంత దగ్గరి దెబ్బని కంటితో చూసి ఆపలేవు. చేయగలిగింది, ఆ మొనకి జానెడు బయట తచ్చాడటం. దూసుకొచ్చినట్టు పరుగెత్తి, షీల్డ్ పెట్టి ఆగిపోవడం ఒక అడుగు. పరుగెత్తి వెనక్కి తిరిగిపోవడం ఇంకొకటి. కత్తి గాలికి ఊగిన మరుక్షణం లోపలికి. లూసీనాకి కత్తి పొడవునా దెబ్బ ఒకేలా తగులుతుంది. మార్త్ అనే ఇంకో కత్తి వీరుడి లాగా మొనకో లెక్క, పిడికో లెక్క లేదు. అంటే లోపలికి దూరినంత మాత్రాన దెబ్బ తేలికవదు. దూరాక ఆవిడ చేయి తిరిగి రాకముందే నీ చేయి పడాలి.

ఫైర్‌బాల్‌ని చాలామంది తూటాలా వాడతారు. అది తూటా కాదు, తలుపు తట్టడం. చిన్న గెంతులో వదిలి, దాని వెనకే నడువు. బావ దాన్ని కత్తితో కొట్టినా, గెంతినా, షీల్డ్ పెట్టినా, ఆ క్షణం అతని చేయి ఆ పనిలో ఉంటుంది. షీల్డ్ పెడితే గ్రాబ్, గెంతితే కింద నిలబడి అప్ టిల్ట్, కత్తి ఊపితే ఆ ఊపు అయ్యాక పరుగు. వదిలి అక్కడే నిలబడి రెండోది, మూడోది వేయడం దండగ. కాలికి అడ్డం వచ్చే దూరంలో ఉండి వేస్తే అసలుకే మోసం, మారియో చేతిలోంచి అది వెలువడేసరికే 17 ఫ్రేములు గడుస్తాయి.

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మారియో ఆటంతా దీనిమీద నడుస్తుంది: దిగుతూ కొట్టే అప్ ఎయిర్. గాల్లో పైకి పల్టీ తన్ను అది, 4వ ఫ్రేముకి వస్తుంది. పైకి వెళ్తూ కొడితే మామూలు దెబ్బ. కిందికి దిగుతూ నేల తాకబోయే ముందు తగిలిస్తే అవతలివాడు కొద్దిగానే లేస్తాడు, నువ్వు ముందే నేలమీద ఉంటావు. అక్కణ్ణుంచి అప్ టిల్ట్, గ్రాబ్, కాస్త పెద్ద శాతాల్లో (దెబ్బలు తినేకొద్దీ పెరిగే అంకె అది, పెరిగినకొద్దీ దూరం ఎగురుతాడు) అప్ స్మాష్. ఇది రాకపోవడానికి కారణాలు సాధారణంగా ఇవే. మొదటిది, గెంతూ దెబ్బా ఒకేసారి నొక్కడం. అలా నొక్కితే ఆట దానంతట అదే చిన్న గెంతు తీసి నేల వదలగానే తన్నేస్తుంది, దిగేటప్పటికి కాలు మడిచేసి ఉంటుంది. విడివిడిగా నొక్కాలి. రెండోది, వేగంగా దిగడానికి స్టిక్ కిందికి కొట్టడం మరీ తొందరగా జరగడం. గెంతు శిఖరం దాటాకే అది పనిచేస్తుంది, ముందు కొడితే వృథా. మూడోది, కిందికి నెట్టిన స్టిక్ తిరిగి రాకముందే దెబ్బ నొక్కడం. అప్పుడు అప్ ఎయిర్ బదులు కిందికి గిరగిరా తిరిగే డెయిర్ వస్తుంది. గెంతు, శిఖరం, స్టిక్ కిందికి, స్టిక్ పైకి, దెబ్బ. వేళ్లకి ఈ వరస పట్టేదాకా ఆట వేగాన్ని పావుకి తగ్గించి చెయ్, తర్వాత సగానికి, ఆ తర్వాత మామూలుకి.

షీల్డ్ మీద దీన్ని వాడేటప్పుడు ఎదురుగా దిగకు, అతన్ని దాటి వీపువైపు దిగు. అతని గ్రాబ్ గాలిని పట్టుకుంటుంది. లూసీనాకి మాత్రం ఇందులో ఒక చిక్కుంది: ఆవిడ అప్ బీ, డాల్ఫిన్ స్లాష్, 5వ ఫ్రేముకి షీల్డ్ నుంచే వస్తుంది. షీల్డ్ మీద నువ్వు రెండు దెబ్బలు వరసగా వేస్తే రెండోదాని మధ్యలో అది తగులుతుంది. కాబట్టి షీల్డ్ మీద దిగాక రెండోది వేయకుండా ఒక్కసారి నీ షీల్డ్ పెట్టి చూడు. బావకి ఆ అలవాటు ఉంటే పైకి ఎగిరిపోయి, చేతకాక జారుతూ నీ నెత్తిమీదకే వస్తాడు. ఫార్వర్డ్ స్మాష్‌కి అంతకన్నా మంచి సమయం ఆటలో దొరకదు. మారియో ఫార్వర్డ్ స్మాష్‌లో చేతి దగ్గరకన్నా చివర నిప్పు దెబ్బే పెద్దది, అంచేత అతుక్కుని కొట్టకు, అరడుగు వెనక్కి జరిగి కొట్టు.

కాంబోల గురించి నాలుగే మాటలు, నీకు ఇవి వచ్చు కాబట్టి. డౌన్ త్రో, అంటే పట్టుకుని కిందికి విసరడం, తర్వాత ఎప్పుడూ ఒకే దెబ్బ వేస్తున్నావని నా అనుమానం. ట్రైనింగ్ బొమ్మ మామూలుగా ఎటూ స్టిక్ పట్టదు, బావ పడతాడు. ఎగిరేవాడు స్టిక్‌తో దారి వంచుకోవడాన్ని డీఐ అంటారు. ట్రైనింగ్ మోడ్‌లో బొమ్మకి కూడా అది పెట్టొచ్చు. ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి పెట్టి చెయ్. 0 శాతం దగ్గర అప్ టిల్ట్ రెండు మూడు, తర్వాత అప్ ఎయిర్. శాతం పెరిగేకొద్దీ అప్ టిల్ట్ వదిలి నేరుగా అప్ ఎయిర్లు, బయటికి వంగితే వెనక్కి తిరిగి బెయిర్, అంటే గాల్లో వెనక్కి తన్నేది. కాంబో లెక్క చూపే అంకె తెగకుండా ఉందంటే తప్పించుకునే దారి లేదన్నమాట, తెగితే అది బావ నిద్రపోతేనే తగిలేది. ఒక జాగ్రత్త: లూసీనాకి కౌంటర్, అంటే మన దెబ్బని కాచి తిప్పికొట్టే ఎత్తు, ఉంది. పైకి లేచిన ప్రతిసారీ దాన్నే తీసేవాళ్లుంటారు. రెండుసార్లు తగిలిందంటే మూడోసారి కొట్టకుండా కింద నిలబడి, అది అయిపోయాక కొట్టు. నేలమీద తీస్తే గ్రాబ్ చెయ్, కౌంటర్ గ్రాబ్‌ని పట్టలేదు.

చిన్న గెంతులో కొట్టే దెబ్బలకి ఆట 0.85 వంతు బలమే ఇస్తుంది. ట్రైనింగ్‌లో పెద్ద గెంతుతో చంపిన శాతం అసలు ఆటలో చిన్న గెంతుతో చంపకపోవడం అందుకే. ఇంకో కారణం పాతబడటం. ఆట నీ చివరి 9 దెబ్బల్ని గుర్తుపెట్టుకుని, అందులో మళ్లీమళ్లీ వచ్చేదాని బలం తగ్గిస్తుంది. ఆ వరసలో లేని తాజా దెబ్బకి 1.05 రెట్లు బలం. ఇద్దరే ఆడే ఆటలో పైగా అన్నిటికీ 1.2 రెట్లు దెబ్బ. మారియో ఆటగాళ్లు బెయిర్‌ని దూరం పెట్టడానికీ, కాంబోలోనూ, ఖాళీగా ఉన్నా వాడేస్తారు, చంపవలసిన 120 దగ్గర అది చప్పగా తగులుతుంది. గట్టు దగ్గర వెనక్కి విసిరే గ్రాబ్, అంటే బ్యాక్ త్రో, ఎప్పుడో గానీ వాడం కాబట్టి తాజాగా ఉంటుంది. గట్టుకి వీపు పెట్టి విసిరితే మధ్యస్థ బరువువాళ్లు సుమారు 110, 120 దాటాక పోతారు. లూసీనా బరువు 90, మారియో 98. అంటే నీకన్నా ముందే ఆవిడ పోవాలి. పోవడం లేదంటే చంపే దెబ్బలు ముందే అరగదీస్తున్నావని అర్థం.

ముందుకి గుద్దే ఫెయిర్‌తో నెత్తిమీద కొట్టి కిందికి పాతేయడం చూడ్డానికి బాగుంటుంది, వీడియోలన్నీ అవే. మొదటి తాకిడికి 16 ఫ్రేములు పడుతుంది. ప్రస్తుతానికి మర్చిపో.

దానికి బదులు ఫ్లడ్ నేర్చుకో. మారియో వీపునున్న నీళ్ల గొట్టం. చాలామంది దాన్ని ముట్టుకోరు. డౌన్ బీ నొక్కితే నీళ్లు నిండటం మొదలవుతుంది, మధ్యలో షీల్డ్ నొక్కి ఆపితే నిండినంతవరకు నిలవ ఉంటుంది, మళ్లీ నొక్కితే చిమ్ముతుంది. బావ చచ్చి కొత్త ప్రాణంతో దిగే వ్యవధిలో, లేదా దూరంగా ఎగిరిపడ్డప్పుడు, నింపి పెట్టుకో. దానికి దెబ్బ లేదు, తోపుడు మాత్రమే. దెబ్బ లేకపోవడమే దాని గొప్ప. గట్టు బయట ఉన్నవాణ్ణి నిజమైన దెబ్బతో కొట్టావంటే, వాడేసుకున్న అప్ బీ అతనికి తిరిగి వస్తుంది. నీళ్లతో తోస్తే ఏదీ తిరిగి రాదు, వెనక్కి మాత్రం వెళ్తాడు. లూసీనా అప్ బీ దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది, అడ్డంగా చాలా తక్కువ. రెండో గెంతు అయిపోయి, గట్టుకి అడ్డంగా కాస్త దూరంలో ఉండగా చిమ్మితే ఆవిడ చేయి గట్టుకి అందదు. తొందరపడి గెంతు మిగిలుండగానే చిమ్మితే అది వాడుకుని వచ్చేస్తుంది. గెంతు ఎప్పుడు ఖర్చయ్యిందో చూడటమే ఇక్కడి విద్య. కేప్, అంటే మారియో విసిరి తిప్పే గుడ్డ, కూడా గట్టు దగ్గర వచ్చేవాడి మొహం తిప్పేస్తుంది గానీ దానికి సమయం సన్నం. కేప్‌ని ముందు తూటాలు తిప్పికొట్టడానికి వాడటం అలవాటు చేసుకో, తూటాలు వేసే సామస్‌తో ఆడేవాడు ఎదురైతే అదే నీ ప్రాణం.

గట్టు పట్టుకున్నాక అవతలివాడికి ఉన్నవి లేచి నిలబడటం, దొర్లడం, గెంతడం, లేస్తూ కొట్టడం, కిందికి వదిలి మళ్లీ ఎగరడం. అన్నిటికీ ఒకే చోటు నుంచి కాపలా కాయలేవు, కాయబోకు. దొర్లి ఎక్కడ ఆగుతారో ఆ దూరంలో నిలబడితే నిలబడటం, దొర్లడం రెండూ నీ చేతికందుతాయి. మిగతావి చేస్తే చేయనీ, ఏది ఎక్కువ చేస్తున్నాడో లెక్కపెట్టుకో. రెండో ప్రాణంలో ఆ లెక్క తీసుకో. గట్టు పట్టుకునే ఆ రెండు ఫ్రేములు ఎవరికైనా రక్షణ ఉండదు. దాన్ని గురిచూసి కొట్టడం తర్వాతి సంగతి.

నీ ప్రాణం నిలబెట్టుకోవడం గురించి. అడ్డంగా ఎగిరిపోతుంటే స్టిక్‌ని స్టేజీ వైపు పైమూలకి పట్టు, నిలువుగా లేస్తుంటే పక్కకి పట్టు. చిన్న శాతాల్లో కాంబో నుంచి తప్పించుకోవడానికి అతనికి దూరంగా పట్టు. తిరిగి రావడంలో మారియో తప్పు ఎప్పుడూ ఒకటే: ప్రతిసారీ గట్టుకి సరిగ్గా కిందనుంచి అప్ బీ. బావ కత్తి కిందికి చాచి నిలబడితే అయిపోయింది. రెండో గెంతు వెంటనే వాడకు. గాల్లో మొదటిసారి తిప్పే కేప్ నిన్ను ఒక్క క్షణం ఆపుతుంది, దానితో సమయం మార్చు. ఒకసారి ఎత్తుగా నేరుగా స్టేజీ మీదికి రా, ఒకసారి గోడకి ఆనుకుని గోడ గెంతు వెయ్. పైనుంచి దిగేటప్పుడు ఎయిర్ డాడ్జ్ (గాల్లో దెబ్బ తప్పించుకునే ఎత్తు) చేస్తూ దిగడం నీకు అలవాటై ఉంటుంది. తొమ్మిదో లెవెల్ కంప్యూటర్ నేర్పే చెడ్డ అలవాట్లలో అది మొదటిది. నువ్వు నొక్కింది చూసి స్పందించే బొమ్మ అది. దానికి భయపడేదీ, విసుగొచ్చేదీ, ఒకే పని మూడుసార్లు చేసేదీ లేదు. దాన్ని ఓడించడం వేళ్ల వ్యాయామం కిందే లెక్క.

హాస్టల్లో రోజూ అరగంట దొరికితే ఇలా పంచుకో. పది నిమిషాలు దిగుతూ అప్ ఎయిర్, బొమ్మకి ఇరవై సార్లలో పదిహేను పడేదాకా. పది నిమిషాలు డౌన్ త్రో, డీఐ మార్చి మార్చి. మిగతా పది షీల్డ్ నుంచి అప్ బీ, నెయిర్ ఎంచుకోవడం. పక్క గది కుర్రాణ్ణి లూసీనాతో కొట్టమని కూర్చోబెడితే మేలు. ఇద్దరి దగ్గరా స్విచ్ ఉంటే ఒకే గదిలో వైర్‌లెస్‌లో కలపండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆన్‌లైన్ ఆడి సమయాలు సాధన చేయొద్దు. నెట్ నెమ్మదైతే ప్రతి బటన్ ఆలస్యంగా పడుతుంది, ఆ ఆలస్యానికి అలవాటైన వేలు ఆదివారం బావ ముందు ముందుగానో వెనగ్గానో నొక్కుతుంది.

ఆదివారం ఆటల రీప్లేలు సేవ్ చెయ్, సోమవారం గుణుపురం బండిలో చూసుకో. మొత్తం చూడక్కర్లేదు. నీ ప్రాణం పోయిన ప్రతిచోటా, దానికి ముందు మూడు సెకన్లలో మొదటి దెబ్బ ఎలా తగిలిందో ఒక్క మాటలో నోట్‌బుక్కులో రాసుకో: "షీల్డ్ వదిలా", "అప్ బీ గాలికి", "దిగుతూ డాడ్జ్". పది ఆటలకి ఏ మాట ఎక్కువసార్లు వస్తే వచ్చే వారం అదొక్కటే మార్చు. ఆట అప్‌డేట్ అయితే పాత వెర్షన్ రీప్లేలు తెరుచుకోవు, దాచుకోదలచినవి ముందే వీడియోగా మార్చుకో.